క్లిప్పు తీసినా ఆగని నాడి

ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో అందరికంటే చిన్నది ఆమె. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషీ ఆమే. లారీ నడిపి ఇల్లు నెట్టుకొచ్చిన నాన్న, ఆమెని పేరుతో పిలవడం మానేసి చాలా కాలమైంది. "ఇంజనీరమ్మా" అనే అంటాడు.

గుండె ఆపరేషన్ అయి ఆ నాన్న ఇప్పుడు మూడో అంతస్తులో ఉన్నాడు. ఆమె కింద స్విచ్చు ముందు కూర్చుంది. భవనంలోని తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె అది. రద్దీ పెరిగితే ఏ సమాచారం ముందు పోవాలో, ఏది ఆగాలో దానికి చెప్పే పని ఆమెది. అన్ని విభాగాల వాళ్ళనీ సమావేశానికి పిలిచి, అడిగి మరీ ప్లాన్ వేసింది. ఫోన్లు ముందు, పెద్దవాళ్ళ వీడియో మీటింగులు తర్వాత, ఆపైన బిల్లింగ్. ఏమీ అడగనివాళ్ళు ఆఖరి వరుసలో.

ఆ మధ్యాహ్నమే అమల్లో పెట్టింది. డైరెక్టరుగారి వీడియో ఒక్కసారి కూడా తడబడలేదు. "బాగా చేశావమ్మా" అన్నాడు మేనేజరు. ఆ మాట నాన్న చెవిన వేద్దామని కాళ్ళు నేల మీద ఆనకుండా మెట్లెక్కింది.

"రా రా. మీ నాన్న గుండె గడియారంలా కొట్టుకుంటోంది. డెబ్బై ఆరు, చూడు" అంది హెడ్ నర్సు. ఆవిడ బల్ల మీది తెరలో వార్డులోని అన్ని గదుల అంకెలూ ఉన్నాయి.

గది తలుపు తీసింది. నాడి చూడ్డానికి నాన్న వేలికి ఉండాల్సిన క్లిప్పు దుప్పటి మీద పడి ఉంది. ఆ వేలితో తీరిగ్గా మోచెయ్యి గోక్కుంటున్నాడు. మంచం పక్కన యంత్రం అంకె లేక కూస్తోంది.

"ఎప్పుడు తీశావు నాన్నా?"

"ఇందాకే. దురదమ్మా. పొద్దున తీస్తే ఆ నర్సమ్మ పరుగెత్తుకొచ్చి చీవాట్లు పెట్టింది. ఇప్పుడు ఇది ఎంత మొత్తుకున్నా ఎవరూ రారే."

ఆమె వెనక్కి వచ్చి నర్సు బల్ల మీది తెర చూసింది. డెబ్బై ఆరు. ఏ వేలికీ తగిలించని నాడి నిక్షేపంగా కొట్టుకుంటోంది.

గదుల్లోని యంత్రాల అంకెలు ఈ తెరకి చేరేది ఆమె స్విచ్చు మీదుగానే. ఆ యంత్రాలు పాతవి. తాము పంపేది అత్యవసరమని గుర్తు వేసుకోవడం వాటికి రాదు. గుర్తు లేనివాటిని స్విచ్చు ఆఖరి వరుసలో, బ్యాకప్ ఫైళ్ళతో కలిపి నిలబెట్టింది. నిలబెట్టమన్నది ఆమే. డ్యూటీ వదిలి నర్సులు సమావేశానికి రాలేకపోతే, వాళ్ళకేమీ అక్కర్లేదనుకుంది. తెర మీద ఉన్నవన్నీ ఎప్పుడో చేరి ఆగిపోయిన అంకెలు. ఒక్క నాన్నవే కాదు, అందరివీ.

"అక్కా, ఆ తెరని నమ్మకండి. ప్రతి గదికీ మనిషిని పంపండి. తప్పు నాదే, తర్వాత చెబుతాను."

హెడ్ నర్సు మొహంలో నవ్వు ఇంకిపోయింది. ఉన్న నర్సులందర్నీ గదుల్లోకి పంపింది.

కింద మేనేజరు అడ్డం వచ్చాడు. "ఆగు. డైరెక్టరుగారు మాట్లాడుతున్నారు, అయ్యాక చూద్దాం."

"పైన ఎవరి గుండె ఆగినా మనకి తెలీదు సార్."

"అదేంటి? ప్లాన్ వేసింది నువ్వే కదా?"

"నేనే సార్. అందుకే నేనే తీసేస్తున్నా."

తొందరలో పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. మళ్ళీ కొట్టింది. ప్లాన్ పోయింది. గోడ మీది తెరలో డైరెక్టరుగారు నోరు తెరిచి అలాగే ఆగిపోయారు. మేనేజరు నోరూ అలాగే ఉంది.

పైకి వెళ్ళేసరికి హెడ్ నర్సు చెమట తుడుచుకుంటోంది. "చివరి గది పెద్దావిడకి ఊపిరాడటం లేదు. ఇక్కడేమో అంతా బాగున్నట్టు చూపించింది. ఆక్సిజన్ పెట్టాం, తేరుకుంటోంది."

ఆమె నాన్న గదిలోకి వెళ్ళింది.

"నాన్నా, ఆ క్లిప్పు ఒకసారి తియ్యి."

"ఇందాక తీసినందుకేగా మొహం అలా పెట్టావు?" అంటూనే తీశాడు.

బయట బల్ల దగ్గర గంట మోగింది. హెడ్ నర్సు పరుగున వచ్చి, "మళ్ళీనా పెద్దాయనా, చిన్నపిల్లాడివా నువ్వు?" అని క్లిప్పు తగిలించి వెళ్ళింది.

చీవాట్లు తిని నాన్న కూతురి వంక చూశాడు. "వచ్చారుగా ఇంజనీరమ్మా. మరి ఏడుపెందుకు?"

"ఇంకొక్కసారి తియ్యి నాన్నా" అంది ఆమె.