జ్వరం అని రాసిన చీటీలు

బేతమంగలం చెరువు నిండి మరవ పారి కట్ట కింది రోడ్డు కొట్టుకుపోయిందే, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. అనపకాయల కాలం, శనివారం సాయంత్రం. మా కోడలు నేత్ర వంటింట్లో నేల మీద కూర్చుని, నానిన అనపగింజలను ఒక్కొక్కటే నొక్కి తొక్క తీస్తోంది. మరునాడు మా అబ్బాయి శ్రీకృష్ణ ఆఫీసువాళ్లు ఎనిమిది మంది పితికిపప్పు పులుసు తినడానికి వస్తున్నారు. నాలుగు శేర్ల గింజలు. పక్కన పీట మీద కాలేజీ కాగితాలు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక కాగితం చదువుతుంది, మళ్లీ గింజల మీదికి వంగుతుంది.

నేత్ర మారికుప్పంలోనే ఒక ఐటీఐ ఆఫీసులో గుమాస్తా. ఇంటి ఇబ్బందుల వల్ల చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లలను కనిపెట్టి పేర్లు రాసిమ్మని ప్రిన్సిపాల్ ఆమెకు చెప్పాడు. జాబితాలో ఉన్నవాళ్లకు పనిముట్లు, రైలు పాసు ఇస్తారు. పోయిన పాఠాలు మళ్లీ చెబుతారు. హాజరు తక్కువైనా పరీక్షకు కూర్చోనిస్తారు. సోమవారం పొద్దున జాబితా మూసేస్తారు. రేషన్ కార్డు చూసి రాసే పేర్లన్నీ రాయడం అయింది. ప్రేమ అనే పిల్ల దగ్గర ఆగిపోయింది.

ప్రేమది కామసముద్రం. టర్నర్ కోర్సు. ఆ పిల్ల లేత్ మీద తిప్పిన ఇనుములో వెంట్రుకంత తేడా ఉండదని మాస్టరే అంటాడట. కానీ ఆ ఏడు ముప్పై ఒక్క రోజులు రాలేదు. వాళ్ల నాయన దొడ్డయ్య ప్రతిసారీ చీటీ రాసి పంపాడు. ప్రతి చీటీలోనూ జ్వరమే. అవి చూసి, ఇంత రోగిష్టి పిల్ల మిషన్ ముందు నిలబడలేదు, కోర్సులోంచి పేరు కొట్టేద్దాం అన్నారు ఐటీఐ పెద్దలు.

శ్రీకృష్ణ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇంగా సగం గూడా కాలేదే?"

"రేపు పొద్దున్నే కామసముద్రం పోయొస్తాను. వాళ్ల నాయన చేత నిజం రాయించుకోని రావల్ల."

"రేపా? మనుషులు వస్తా ఉండారు. నీది గుమాస్తా జీతం, చేసేది కలెక్టరు పని." నవ్వాడు. "జొరమని వాళ్లే రాసినారు గదా. నీకేమన్నా థర్మామీటరు ఇచ్చి పంపించినారా?"

"వాళ్లమ్మకు నడుము పడిపోయి ఏడాదాయ. మూడావులు, వంట, తమ్ముళ్లు, అన్నీ ఆ పిల్లే చూస్తాది. ఇంటిపని అని రాస్తే మర్యాద పోతాదని జొరమంటారు. పిల్లను అడిగినా నేల చూసి జొరమే అంటాది."

"ఎవురింట్లో ఆడపిల్ల పని చెయ్యడం లేదు? రేపు కదిలేది లేదు, చెప్తా ఉండా."

అతను బజారుకు వెళ్లిపోయాడు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. నేత్ర తలెత్తలేదు. గింజలు పితుకుతూనే నాతో అంది.

"నా డిప్లొమా కడపటి ఏడు, అత్తమ్మకు కాలిరిగినప్పుడు, చీటీలు మీరే రాస్తా ఉండ్రి, మామా. కోడలికి జొరము అని. ఆ ఏడు నాకు ఒక్క దినం గూడా జొరం రాలే. నాలుగింటికి లేచి బోరింగు కాడ ఇరవై బిందెలు కొట్టి మోస్తా ఉంటి. కాలేజీలో నాకు వీక్ బాడీ అని పేరు కొట్టేసినారు. నేనన్నా పోయి చెప్పి ఉంటే అయ్యుండు. చెప్పలే. జొరమంటే అయ్యో అంటారు. పని అంటే, ఎవురు చెయ్యడం లేదంటారు, ఇప్పుడు మీ కొడుకన్నట్ల. ఆ అయ్యో అనడం బాగుండె నాకు. కొన్నాళ్లకు, నిజంగానే జొరం ఉండాదేమో అని నా నుదురు నేనే ముట్టి చూసుకుంటా ఉంటి. ఉంటే బాగుండునని గూడా అనుకుంటి. అది ఎవురికీ చెప్పలేదు. ఈ పిల్ల చీటీలు చూసినప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు."

ఆ చీటీలు నేను రాసినవే. మూడో తరగతి దాకా చదివిన చెయ్యి. ఇంటిపనికి ఆపుకున్నామని రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు. పేరు కొట్టేశారని తెలిసినప్పుడు కూడా ఏమీ అనలేదు. బంగారు గని షాఫ్టులో పనికి దిగిన నాటినుంచీ మాట్లాడకపోవడమే నా అలవాటు. ఇంట్లో అందరూ దాన్ని మంచితనం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రం కూడా ఏమీ అనలేదు.

అన్నాల దగ్గర నేత్రే చెప్పింది. "పప్పు పితికి పెట్టినాను. మసాలా నూరి పెట్టినాను. మొదటి రైలుకు నేను పోతాను."

"పులుసు ఎవురు పెడతారు? నాయన పెడతాడా?"

"అది మీరూ మీరూ చూసుకోండి."

శ్రీకృష్ణ నావైపు చూశాడు, నేను ఆమెను ఆపుతానని. నేను మజ్జిగ పోసుకున్నాను.

మరునాడు పొద్దున నేను నేత్ర కంటే ముందే చెప్పులు వేసుకున్నాను. బంగారుపేటలో రైలు మారి ఇద్దరం కామసముద్రంలో దిగాం.

దొడ్డయ్య ఇంటి ముందర ప్రేమ పేడ ఎత్తుతోంది. మమ్మల్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. లోపల మంచం మీద వాళ్లమ్మ నరసమ్మ. నేత్ర చెప్పిందంతా దొడ్డయ్య విన్నాడు.

"పాప చేత చాకిరీ చేయించినానని నా చేతుల్తో నేనే రాసిచ్చేదా అమ్మా? ఊళ్లో నవ్వుతారు. జొరమే ఉండనీ."

"రాయకపోతే రేపు పేరు కొట్టేస్తారన్నా."

"కొట్టేస్తే ఏమాయ? ఇంట్లో ఉంటాది."

"ఆయప్ప రాయడు. నాకు రాయడం రాదు," అని లోపలినుంచి నరసమ్మ గొంతు వినిపించింది.

నేను నేత్ర సంచిలోంచి ఒక తెల్ల కాగితం తీసుకున్నాను. అరుగు మీద పెట్టి రాశాను. చాలాసేపు పట్టింది. రాసింది దొడ్డయ్యకు వినబడేలా చదివాను.

"నా కోడలు నేత్రకు డిప్లొమా కడపటి ఏడు జ్వరం రాలేదు. ఇంటి చాకిరీకి నేనే ఆపినాను. జ్వరం అని అబద్ధం రాసినాను. నరసింహప్ప."

కాగితం నేత్ర చేతికిచ్చి, పెన్ను దొడ్డయ్య ముందు పెట్టాను.

"నాది రాయడానికి ఇరవై రెండేండ్లు పట్టె," అన్నాను. "నీది ఈ పొద్దే రాయప్పా."