బెంచీల మీది పాట

మంచంలో ఉన్న మోఖెతి ముసలమ్మను పోలీసులు మంచంతో సహా ఎత్తి లారీలో పడేశారు. లారీ కదలకముందే ఇంటి పైకప్పు ఊడబెరికారు. జోహానెస్‌బర్గ్ పడమటి బస్తీలో నల్లవాళ్లు ఉండకూడదని ప్రభుత్వం చట్టం చేసింది. తుపాకుల ముందు వీధి వీధంతా నిలబడి చూసింది. ఒక్కరూ నోరెత్తలేదు.

మర్నాడు మిగిలిన ఇళ్ల వంతు.

ఆ సాయంత్రమే బస్తీ హాల్లో పాటల నాటకం. పుట్టిన వీధి వదలనంటుంది పెళ్లికూతురు. చివరికి పెళ్లికొడుకే ఇల్లరికం వస్తాడు. "నల్లవాళ్లు గంతులేసుకుంటే మనకేం" అని బస్తీ మీద అధికారం చేసే తెల్ల సూపరింటెండెంట్ అనుమతిచ్చాడు. ముందు వరుసలో కూర్చున్నాడు కూడా.

సెయిపాటి తెల్లవాళ్ల ఇళ్లలో బట్టలుతుకుతుంది. ఏళ్ల తరబడి పెళ్లికూతురి వేషం ఆమెదే. ఈసారి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే నొంటాండోకి ఇచ్చారు. సెయిపాటి వెనక బెంచీలో పళ్లు కొరుకుతూ కూర్చుంది.

"ఏం గొంతే తల్లీ, తేనె!" అంది పక్కనున్న మాపులెంగ్.

"తేనె కాదు, జలుబు."

"కుళ్లుకోకే. నువ్వు పాడినప్పుడు ఏడ్చేవాళ్లం కదా?"

"దానికి నవ్వుతున్నారుగా. అదే మంట."

హాలంతా నిజంగానే నవ్వుతోంది. ఈలలు. నేల అదిరిపోయే అడుగులు. పొద్దున ఇల్లు పోయిన మోఖెతి కొడుకు కూడా ఎగురుతున్నాడు. ఆ సంతోషం తన గొంతులోంచి రాలేదే అన్నదే సెయిపాటి కడుపులో నిప్పు.

ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. వేదిక ముందు బల్ల మీద నాణెం పెట్టి ఎవరైనా పాట ఆపించవచ్చు. అంతకన్నా పెద్దది పెట్టినవాళ్లు మళ్లీ పాడించవచ్చు. అదొక నవ్వులాట.

సెయిపాటి లేచి వెళ్లి బల్ల మీద షిల్లింగు నాణెం కొట్టింది.

"ఈ పిల్లని కూర్చోబెట్టండి!"

నొంటాండో ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం గోల చేస్తూ జేబులు తడుముకుంటున్నారు. ఈలోగా సూపరింటెండెంట్ లేచాడు. పది పౌండ్ల నోటు బల్ల మీద పరిచాడు.

"నాటకం మొత్తం ఆగాలి. మీ పద్ధతే కదా? పోయి మూటలు కట్టుకోండి."

అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. హాలు చల్లారిపోయింది. అన్ని ముఖాలూ సెయిపాటి వైపు తిరిగాయి. నొంటాండో కళ్లు తుడుచుకుని పెళ్లి ముసుగు విప్పసాగింది. అదే సెయిపాటికి చెంపదెబ్బ.

ఆమె తన బెంచీకి వెళ్లి కూర్చుంది. కూర్చునే పెళ్లికూతురి పాట ఎత్తుకుంది.

"నోర్ముయ్! డబ్బు పెట్టాను!"

"నువ్వు కొన్నది వేదిక, దొరా. నేను బెంచీ మీదున్నా."

మాపులెంగ్ అందుకుంది. తర్వాత ఆ బెంచీ, ముందు బెంచీ, గోడవార నిలబడ్డవాళ్లు. నెలల తరబడి పెరట్లో సాధన చేసిన పాట అది. అది పాడటం రానివాళ్లు బస్తీలో లేరు. నోటు బల్ల మీదే పడి ఉంది. ఎవరూ ముట్టలేదు.

నొంటాండో వేదిక దిగి వచ్చింది.

"జరుగక్కా."

"శ్రుతి తప్పావో, చంపుతా."

సూపరింటెండెంట్ కేకకి బయట కాపలా ఉన్న పోలీసులు వచ్చి సెయిపాటిని రెక్క పట్టి ఈడ్చారు. వ్యాను తలుపు మూశాక కూడా నొంటాండో గొంతే పైకి వినబడుతోంది. ఎంత బాగా పాడుతోంది దరిద్రపుది! సెయిపాటికి ఒళ్లు మండింది. చీకట్లో సంకెళ్లతోనే లేచి నిలబడి, దాన్ని మించాలని గొంతెత్తింది.

తెల్లవారగానే లారీలు వచ్చాయి. ప్రతి గడప మీదా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పెళ్లికూతురి పాటే పాడుతున్నారు. "లేవండి!" అని అరిచాడు సూపరింటెండెంట్.

ఎవరూ లేవలేదు.