తొండానికి తొడుగు

సాయంత్రం అయిదుంబావు. పొద్దుటినుంచి పట్టిన ముసురు మూడు గంటలకు కుండపోతగా మారి, అప్పుడే కాస్త తెరిపి ఇచ్చింది. గాలి లేదు, చినుకులు నిట్టనిలువుగా పడుతున్నాయి. రైలు వంతెన కిందినుంచి పోయే రోడ్డులో నీళ్ళు చక్రంలో సగం దాకా నిలిచాయి. ఆ నీళ్ళలోకి వేగంగా దిగిన నీలం కారు అవతలి ఎత్తు ఎక్కబోతూ దగ్గింది. లోపల ఇనుము విరిగినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

కొడుకు తాళం తిప్పాడు. ఇంజను పలకలేదు. పక్కసీట్లో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న తల్లి అద్దంలోంచి ముందుకు చూస్తూ అడిగింది.

"నా కుట్టు కారిందా, చిన్నా?"

"ఏమో" అన్నాడతను.

అబద్ధంలా వినిపించని మాట కనుకనే అది అంత సులువుగా నోరు జారింది. ఆమె కుట్టి ఇచ్చిన తొడుగు ఆ సమయంలో ఇంజనుకు లేనే లేదు. వెనక డిక్కీలో, స్టెపినీ టైరు కింద మడిచి ఉంది.

ఆ తొడుగు ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ముందు గొట్టం సంగతి చెప్పాలి. కారు కొన్న కొన్నాళ్ళకే అతను కంపెనీవాళ్ళు బిగించిన గాలి డబ్బాను ఊడదీయించి, బయట దొరికే పొడుగాటి గొట్టం ఒకటి పెట్టించాడు. ఇంజను వేడి తగలని చల్లగాలిని పీలిస్తే బండి చురుగ్గా లాగుతుందని, దాని గొంతు కూడా గంభీరంగా మారుతుందని స్నేహితులు చెప్పారు. గొంతు మాత్రం నిజంగానే మారింది. గొట్టం కిందికి వంగి, బంపరు వెనక, ముందు చక్రం పక్కన తేలుతుంది; గాలిని వడపోసే ఫిల్టరు దాని కొసన ఉంటుంది. చక్రానికీ దానికీ మధ్య ఉండవలసిన ప్లాస్టిక్ రేకు గొట్టానికి తగిలి గడగడమంటోందని, బిగించినవాడు దాన్ని తీసి పక్కన పారేశాడు.

తల్లి వంగి, కిందినుంచి చూసి, ఆ రోజే దానికి తొండం అని పేరు పెట్టింది. ఏనుగైతే నీళ్ళు దాటేటప్పుడు తొండం పైకెత్తి పట్టుకుంటుందని, ఇతగాడి ఏనుగు మాత్రం నేలకు వేలాడదీసుకుని తిరుగుతోందని, వానాకాలం వస్తే ఏం చేస్తావని అడిగింది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేకపోయింది. నీళ్ళు లోపలికి రాకుండా ఆపడమే ఆమె బతుకుతెరువు.

ఆమె వానకోట్లు కుట్టే వర్క్‌షాపులో పని చేసేది. అక్కడ కుట్టిన ప్రతి కోటునూ బొమ్మకు తొడిగి, పైనుంచి జల్లు వదులుతారు. తరువాత విప్పి, లోపలివైపు వేళ్ళతో తడిమి, తడి తగిలినచోట సుద్దతో గీత పెడతారు. గీత పడ్డ కోటు ఎవరు కుట్టారో వారి మిషను మీదికే తిరిగి వస్తుంది. వాళ్ళు పదిమంది ఎదుటా ఆ కుట్టు విప్పుకోవాలి. అందుకే సుద్ద పట్టే మనిషి విషయంలో ఎవరూ రాయని, అందరూ ఒప్పుకున్న షరతు ఒకటుండేది: ఆ మనిషి కుట్టు ఎన్నడూ కారి ఉండకూడదు. ఎన్నో ఏళ్ళు మిషను తొక్కాక సుద్ద ఆమె చేతికి వచ్చింది. వచ్చిననాటినుంచి ఆమె నడకే మారిందని కూతురు వేళాకోళం చేసేది.

తొడుగు కోసం ఆమె గొడుగు గుడ్డ వాడలేదు; అది గాలిని కూడా ఆపేస్తుంది. పిల్లల వానకోట్లకు చంకల కింద వేసే పల్చటి గుడ్డ ముక్కలు తెచ్చింది. ఊదితే ఊపిరి దాటుతుంది, చిలకరిస్తే నీళ్ళు జారిపోతాయి. ఆ ముక్కల మీద పసుపుపచ్చ బాతుల బొమ్మలున్నాయి. మరో రంగుది ఆ వారం దొరకలేదు. ఫిల్టరు కొలత తీసుకుని, అంచుకు ఎలాస్టిక్ వేసి, కుట్టు మీద పట్టీ అతికించి, కింద కూర్చుని తనే స్వయంగా తొడిగింది. రెండు వానలకు తొండం పొడిగానే ఉంది.

మూడో వానకు ముందు ఒక ఆదివారం, ఇలాంటి బళ్ళున్న కుర్రాళ్ళంతా ఒక ఖాళీ స్థలంలో కలుసుకున్నారు. వాళ్ళలో టర్బో అని పిలిపించుకునే వాడొకడు ప్రతి బండి కిందా తల దూర్చి చూస్తాడు. నీలం కారు కింద చూసి లేచి, చేతులు దులుపుకున్నాడు.

"ఏరా, నీ బండి ఇంకా పక్క తడుపుతోందా? బాతుల లాగు తొడిగావు?"

అందరూ నవ్వారు. ఎవరో బాతులా కూశారు. ఆ గుడ్డ రెండు వానలు కాచిందని అతను చెప్పలేదు. "మా అమ్మ చాదస్తంరా, నాకు తెలీకుండా తగిలించింది" అన్నాడు. అక్కడే కూర్చుని లాగేసి, డిక్కీలో పడేశాడు. ఇంటికి వెళ్ళాక మళ్ళీ తొడుగుదామనుకున్నాడు. వెళ్ళాక, మళ్ళీ వాళ్ళను కలవబోయే ఆదివారం గుర్తుకొచ్చింది.

వంతెన కింద ఆగిన కారును మెకానిక్ మర్నాడు విప్పి చూశాడు. నీళ్ళు ఫిల్టరు ఎత్తుదాకా లేవలేదని, చక్రమే చిమ్మిందని, ఫిల్టరు తడిసి ముద్దై ఇంజను నీళ్ళు తాగేసిందని, లోపల కడ్డీ వంగిందని చెప్పాడు. రేకు తీసేశారు సరే, పైన కనీసం ఒక తొడుగైనా వేసుకోలేదా అని అడిగాడు. అతను తల అడ్డంగా ఊపాడు. అలా మెకానిక్‌కు నిజం చెప్పాడు; తెలియవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి తల్లి చెయ్యి చాపి నిలబడి ఉంది.

"తొడుగేది? ఎక్కడ కారిందో చూస్తాను."

"నీళ్ళలో కొట్టుకుపోయిందమ్మా."

ఇది మాత్రం నిఖార్సైన అబద్ధం.

ఆమె ఆ మాట నమ్మింది. మిగిలిన బాతుల గుడ్డతో అదే కొలతకు ఇంకొకటి కుట్టింది. బోర్లించిన సీసాకు తొడిగి, వంటింటి కుళాయి కింద పట్టి, విప్పి, బొటనవేలితో కుట్టు వెంబడి తడిమింది. పొడిగా ఉంది. మళ్ళీ పట్టింది. మళ్ళీ పొడిగానే ఉంది. అతను గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. గుడ్డలో లోపం లేదు, కొలతలో లోపం లేదు, ఇప్పుడు కుట్టినది కారడం లేదు. కాబట్టి అప్పుడు తన చెయ్యే తప్పి ఉండాలి. ఆమె లెక్కలో పొరపాటేమీ లేదు. ఆ లెక్కకు కావలసిన ఒక్క సంగతిని కొడుకు దాచాడు, అంతే.

కళ్ళజోడు మార్చుకోమని ఎప్పటినుంచో చెబుతున్నానని అతని అక్క అంది. వయసు మీద పడ్డాక సుద్దేమిటి, సూదేమిటి, ఇంక చాలించవే అంది. తల్లి చాలించలేదు. వారం తిరగకుండా, ఒకరోజు భోజనాల దగ్గర, సుద్దను పక్క మిషను ఆవిడకు అప్పగించి వచ్చానని మామూలుగా చెప్పింది.

"నా కుట్టే కారాక, ఇంకొకరి కుట్టు మీద గీత ఎలా పెడతాను?"

నిజం అతని గొంతుదాకా వచ్చింది. గ్లాసెడు నీళ్ళు తాగితే దిగిపోయింది.

బాగైన కారు ఒక ఆదివారం పొద్దున ఇంటికి వచ్చింది. తల్లి కొత్త తొడుగు పట్టుకుని బయటికి వచ్చింది, కానీ కింద కూర్చోలేదు. బానెట్ మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

"ఇదీ కారుతుందేమోరా. బజార్లో ఏదైనా దొరికితే అదే కొనుక్కో."

వర్క్‌షాపులోని ఆడవాళ్ళందరి కుట్టుకూ తీర్పు చెప్పిన ఆ చేతులు అలా తడబడటం అతను చూడలేకపోయాడు. డిక్కీ తెరిచి, టైరు ఎత్తి, మడత పడ్డ బాతుల గుడ్డను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది కొట్టుకుపోలేదమ్మా. ఆ రోజు అసలు లేదు. అంతకుముందే విప్పేశాను."

"ఎందుకు?"

"వాళ్ళు నవ్వారు. బాతుల్ని చూసి."

"వాళ్ళకేం చెప్పావు?"

అతను ఆ ఒక్కటీ దాటవేద్దామనుకున్నాడు. ఆమె ఎదురుచూస్తోంది, కోటు విప్పి లోపలివైపు చూసేటప్పుడు చూసినట్టే.

"నీ చాదస్తమని."

ఆమె తొడుగును తిరగేసి, బొటనవేలితో కుట్టు వెంబడి ఒక చుట్టు తడిమింది. పట్టీ ఎక్కడా లేవలేదు.

"అయితే కారలేదన్నమాట" అంది. అది అతనితో అన్న మాట కాదు.

రేపు తనూ వర్క్‌షాపుకు వస్తానని, అందరిముందూ జరిగింది చెబుతానని, సుద్ద తిరిగి ఇప్పిస్తానని అతను గబగబా అన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"వద్దు. కుట్టు కారిందంటే అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కారేదే. కన్నకొడుకు నా కుట్టుకి సిగ్గుపడ్డాడని అంతమందిలో నేనేం చెప్పుకోను?"

ఆ 'వద్దు' వినగానే అతనికి ముందుగా కలిగింది ఊరట. ఆమె లోపలికి వెళ్ళిపోయాక గాని అతనికి ఆ సంగతి తెలిసిరాలేదు. తెలిసిన తరువాత, చేసిన పనులన్నిటికన్నా దానికే ఎక్కువ సిగ్గుపడ్డాడు. అయినా మర్నాడు వర్క్‌షాపుకు వెళ్ళలేదు. తల్లి వద్దన్నదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ ఆదివారం ఆమె రెండు తొడుగులూ బానెట్ మీదే వదిలి వెళ్ళింది. అతను పాతదాన్ని తీసుకుని, కిందికి దూరి, తొండానికి తనే తొడిగాడు.

ఆమె ఆ వర్క్‌షాపులో ఇంకో తొమ్మిదేళ్ళు మామూలు మిషను మీదే పని చేసి మానుకుంది. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె కుట్టిన కోటు ఒక్కదాని మీదా సుద్ద గీత పడలేదు.