గోడ వారన గంగవాయిల కూర

"నీ చెట్లకు తగలకుంట కొట్టిచ్చిన, ఫికర్ చెయ్యకు. గోడ పొంటి గడ్డికే" అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు. మాట చెవిలో పడింది కాని లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. నేను పాలకు వెళ్ళి వచ్చి, టిఫిన్ పనిలో మునిగి ఉన్నప్పుడే అంతా అయిపోయిందన్నమాట. లేచి పెరటి తలుపు తీస్తే మందు వాసన గుప్పుమంది. వంకాయ, టమాట, మిరప చెట్లు నిజంగానే బాగున్నాయి. వాటికి గోనెసంచులు అడ్డం పట్టించి మరీ కొట్టించాడు. గోడ వారన నాలుగు గజాల నేల మాత్రం తడిసి మెరుస్తోంది. అక్కడ ఉన్నది గడ్డి కాదు, గంగవాయిల కూర.

బోధన్‌లో మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. మా ఆయన ఆత్మారాం అంటే చుట్టుపక్కల చెరుకు రైతులందరికీ తెలుసు. ఆకు తెంపుకొచ్చి చూపిస్తే చాలు, ఏ తెగులో, దానికి ఏ మందో ఠక్కున చెప్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వారానికి రెండుసార్లు తన కంచంలో పడుతున్న ఆకు మాత్రం నేల మీద ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం నిజామాబాద్ నుంచి హోల్‌సేల్ వ్యాపారి పరమేశ్వర్ ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. పోయినసారి మా ఇంట్లో గంగవాయిల పప్పు తిని, మళ్ళీ అదే కావాలని మరీ చెప్పి పంపాడు. తిన్నాక పెరట్లో వేపచెట్టు కింద కుర్చీలు వేసుకుని కూర్చుంటారు కదా, చూడడానికి నీటుగా ఉండాలని మా ఆయన దుకాణంలో పనిచేసే లింబయ్యతో తెల్లారగానే గడ్డిమందు కొట్టించాడు.

లింబయ్య నల్లా దగ్గర మందు కొట్టిన పంపు కడుగుతున్నాడు. యాభై దాటిన మనిషి, నా మొహం చూసి తల దించుకున్నాడు. "గంగవాయిల లెక్క అగుపడ్డది వదినా, అడుగుదామనుకున్న. అన్న జల్ది జల్ది అన్నడు" అన్నాడు. పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాను. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఏదో ఒకటి రావాలి కదా అని కాసేపు అక్కడే నిలబడి చూశాను.

పెళ్ళయిన ఏడు మా అమ్మ బాల్కొండ నుంచి గుడ్డలో మూటగట్టి ఇచ్చిన గింజలు అవి. నల్లగా, ఆవగింజలో సగం కూడా ఉండవు. ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే అన్నీ ఒక్కచోటే పడతాయి. పసుపుపచ్చ పువ్వు విచ్చకముందే లేత కొసలు గిల్లాలి, కొన్నింటిని మాత్రం విత్తనానికి వదలాలి. పొద్దున్నే కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, చింతపండు సగం చేయాలి. పొద్దుగూకే ముందు కోసిందైతే చప్పబడుతుంది, మామిడికాయ ముక్క పడాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. పెరట్లో వంగీ, పొయ్యి దగ్గర నిలబడీ, నాలుక మీద వేసుకునీ నేర్చుకున్నాను. అయినా పెరట్లో ఉన్నంతసేపు నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క. మా అత్త అంజవ్వ బతికున్నప్పుడు "పొద్దంత మన్ను పిసుక్కుంట కూసుంటె ఇంట్ల పని ఎవలు జేస్తరు" అనేది. ఆయన నవ్వి "ఉండనియ్యవ్వా, దాని టైంపాస్ దానిది" అనేవాడు. నా పక్షాన మాట్లాడుతున్నాడని నేను చాలా ఏళ్ళు సంతోషపడ్డాను కూడా, ఎంత పిచ్చిదాన్నో. ఆ పప్పు తిని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం "మా అవ్వ దగ్గర నేర్చుకున్నది, గామె చెయ్యి గది" అని చెప్పేవాడు. అంజవ్వ ఒక్కనాడు కూడా గంగవాయిల వండలేదు. పాపం, పెరట్లోకి వచ్చేంత తీరిక ఆమెకూ ఎవరూ ఇవ్వలేదు.

తడిసిన ఆకులు అప్పటికింకా పచ్చగానే ఉన్నాయి. కోసి, కడిగి, పప్పులో వేస్తే ఎవరికీ తేడా తెలియదు. "గంగవాయిలనే వండు, మర్చిపోకు" అని గడప దాటుతూ ఆయన మళ్ళీ చెప్పి వెళ్ళాడు కూడా. ఆ ఆలోచన దగ్గర నేను ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. భయం వేయలేదు. ఇట్లాంటి ఆలోచన వచ్చినా భయం వేయని మనిషిని ఎప్పుడయ్యానా అని మాత్రం అనిపించింది. లోపలికి వచ్చి సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కుని, టమాటలు తరిగాను.

ఒంటిగంటకు వచ్చారు. అప్పటికి ఎండకు గోడ వారనంతా వేడినీళ్ళు పోసినట్టు వాలిపోయింది. నేను టమాట పప్పు వడ్డించాను. పరమేశ్వర్ రెండు ముద్దలు తిని, కంచం వైపు చూసి, "మంచిగున్నది వదినా. మా ఇంట్ల లెక్కనే ఉన్నది" అన్నాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. నీళ్ళ వంక పెట్టుకుని నా వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"గంగవాయిల ఏది?" అన్నాడు గొంతు తగ్గించి.

"పొద్దుగాల నువ్వు కొట్టిచ్చింది గదే."

హాస్యమాడుతున్నానేమోనని ఒక్క క్షణం నా మొహం చూశాడు. "గది గడ్డి గదనే. కూరైతే మడి కట్టి ఏస్తరు గని, గోడ పొంటి గట్ల పడేస్తరా?"

"ఇరవై ఎనిమిదేండ్ల సంది నువ్వు తిన్నది గదే."

"అయితే ముందుగాల చెప్పొద్దా? నాకేం తెల్సు" అన్నాడు. మళ్ళీ తనే, "పోనీ తియ్. మల్ల మొలుస్తది, ఎక్కడికి పోతది" అన్నాడు చెంబు అందుకుంటూ. అప్పుడు నొప్పి తెలిసింది నాకు. మొలుస్తుందని నాకూ తెలుసు. నేల అడుగున గింజలు ఉంటాయి, రెండు వానలు పడితే లేస్తాయి. మొలిస్తే నేను గిల్లుతాను, కడుగుతాను, వండుతాను అని ఆయనకు అంత నమ్మకం. ఆ గింజలనూ నన్నూ కలిపే ఆ మాట అన్నాడు. ముందు గది నుంచి ఎవరో పెరుగు అడిగారు, వెళ్ళి వేశాను.

వాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని చెరుకు రేటు మాట్లాడుకుని, చాయ్ తాగి, ఎండ తగ్గాక వెళ్ళారు. మాడిన మూల వైపు ఎవరూ చూడలేదు. ఆయన సంచి పట్టుకుని బండి తీశాడు. "బజార్ల దొరకదా ఏంది, నేనే తెస్త. వచ్చే వారం పరమేశ్వర్‌ను మల్ల పిలుస్త. వండుడు మరిచిపోలేదు గద నువ్వు?" అన్నాడు. నేను ఎంగిలి కంచాలు తోమడానికి కూర్చున్నాను.

అరగంటకు ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని చూస్తే వాట్సాప్‌లో ఫోటో. గోనెపట్టా మీద కుప్పగా పోసిన ఆకు, దాని పక్కన గాజులు వేసుకున్న ముసలి చెయ్యి. ఆ వెనకే వాయిస్ మెసేజ్‌లో ఆయన గొంతు, బజారు గోల మధ్య: "గీమె మరాఠామె. ఘోల్ ఘోల్ అంటున్నది. తెలుగుల పేరు చెప్తలేదు. గంగవాయిల గిదేనా, కాదా? జల్ది చెప్పు, వేరేటోళ్ళు తీస్కపోతున్నరు."

ఫోటో పెద్దది చేసి చూశాను. గంగవాయిలే. ఎర్ర కాడలు, లేత కొసలు, బాగుంది.

"నాకు తెల్వది" అని రాసి పంపాను.