చివరి పావుగంట

ఉల్లిపాయలు తరుగుతుంటే ముందు గదిలోంచి నా మాట వినబడింది. నేనన్న మాటే, మా ఆయన గొంతులో. "ఈ సినిమాలో తండ్రి ఏడవడు, మనల్నీ ఏడవనివ్వడు. అందుకే ఇంటికొచ్చాక కూడా గుండె పట్టేసినట్టుంటుంది" అంటున్నారు. ఆ మాట పోయిన చలికాలంలో ఇదే సింకు దగ్గర గిన్నెలు తోముతూ నేనన్నాను. ముందు గదిలో చప్పట్లు. నా మాటకి మీసాలొచ్చి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నేను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయల వల్లే, అందులో అనుమానం లేదు.

ఏటా చివరి ఆదివారం మా ఇంట్లో ఈ తతంగం ఉంటుంది. ఆ ఏడు వచ్చిన సినిమాల్లో ఏది గొప్పది, ఏది ఒట్టిది అని మా ఆయనా ఆయన స్నేహితులిద్దరూ కెమెరా ముందు కూర్చుని వాదించుకుని, పది సినిమాలకి ర్యాంకులు వేస్తారు. ఎక్కడెక్కడి జనమో అప్పటికప్పుడే ఫోన్లలో చూస్తూ తిట్టేవాళ్ళు తిడతారు, మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటారు. స్నేహితుల్లో ఒకాయనకి ఏ సినిమా అయినా మొదటి ఆట చూడకపోతే అన్నం సహించదు, అందుకని అందరూ ఫస్ట్‌షో అంటారు. రెండో ఆయన నోట వసూళ్ళ మాట తప్ప రాదు. ఆయనకి వసూళ్ళాయన అని నేనే పేరు పెట్టుకున్నాను, పైకి అనను. ఈసారి కొత్తగా ఒక పత్రిక ఆదివారం సంచిక ఎడిటర్ గారు వచ్చి కూర్చున్నారు. ఈ పూట చర్చ ఆయనకి నచ్చితే వారం వారం సినిమా పేజీ మా ఆయన చేతికొస్తుంది. ఆ పేజీ కోసం మా ఆయన నిద్రలో కూడా కలవరిస్తున్నారు.

వీళ్ళ చర్చకి ఒక నియమం ఉంది. చివర పేర్లు పడేదాకా హాల్లో కూర్చోనివాళ్ళకి ఆ సినిమా మీద ఓటు లేదు. ఆ నియమం పెట్టింది మా ఆయనే. చెప్పేటప్పుడు గొంతు కూడా కాస్త గంభీరంగా మారుతుంది.

పెద్ద హీరోల సినిమాలు ఆయన స్నేహితులతో కలిసి ఈలలు వేసుకుంటూ చూస్తారు. ఆయనకి పేరొచ్చింది మాత్రం వాటితో కాదు. ఎవరికీ పట్టని చిన్న సినిమాల్ని వెతికి పట్టుకుని, వాటిలో ఏముందో విడమర్చి చెబుతారని పేరు. ఆ చిన్న సినిమాలు చూసేది నేను. కళ్ళద్దాల షాపులో నా ఉద్యోగం, వారంలో సెలవు బుధవారం. "ఎలాగూ ఖాళీయే కదా, ఓసారి వెళ్ళి చూసి చెప్పు" అన్నారు మొదటిసారి. ఖాళీ అంటే ఏమిటో ఆయనకి తెలీదు పాపం, ఎప్పుడూ ఆయనే ఖాళీగా ఉంటారు కాబట్టి దాన్ని విడిగా గుర్తుపట్టలేరు. బుధవారం పొద్దున్నే వంట ముగించి, బట్టలు ఆరేసి, అత్తయ్యకి మందులు తీసిపెట్టి పరుగెత్తి మధ్యాహ్నం ఆటకి వెళ్ళేదాన్ని. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "సినిమాకి వెళ్ళమని తనే పంపించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే" అనేవారు. సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఆయన స్టూలు వేసుకుని కూర్చుని, ఫోన్లో రికార్డింగ్ నొక్కి సింకు గట్టు మీద పెట్టేవారు. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని. అబద్ధం ఆడకూడదు, నాకు చాలా ఇష్టంగా ఉండేది. నా మాటలు ఎవరైనా దాచుకోవడం అదే మొదలు.

ఓసారి అడిగాను, ఇది నేను చెప్పానని చెప్పొచ్చుగా అని. "నువ్వు చూస్తే నేను చూసినట్టే. మనిద్దరం వేరా?" అన్నారు. పెళ్ళైన కొత్తలో అయితే ఆ మాటకి పొంగిపోయేదాన్ని. ఆ లెక్క ఒకవైపే నడుస్తుందని తర్వాత అర్థమైంది. నేను చూస్తే ఆయన చూసినట్టు, ఆయన తింటే నేను తిన్నట్టు. షాపులోనూ ఇదే వరస. కళ్ళు పరీక్షించి నంబరు తేల్చేది నేను, చీటీ మీద సంతకం ఓనరుది. చత్వారం వచ్చిన పెద్దమనుషులు ఆయనకి దణ్ణం పెట్టి వెళతారు, నేను తర్వాతి మనిషిని కూర్చోబెడతాను.

ఈ ఏడాది నేను చూసినవాటిలో నా మనసు పట్టుకున్నది తలుపు సినిమా. అసలు పేరు వేరే, మా ఇంట్లో అలా అనుకుంటాం. కథంటూ పెద్దగా లేదు. ఒక ఇల్లు, అందులో ఒకావిడ. సినిమా అంతా కెమెరా ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ బజారుకో బడికో వెళితే మనం ఆ ఖాళీ గదుల్లో, కుళాయి చుక్కలు వింటూ, ఆవిడ వచ్చేదాకా కాచుకుని ఉండాలి. విసుగు పుడుతుంది, తర్వాత భయం వేస్తుంది. చివరికొచ్చేసరికి ఆవిడ సంచీ లేకుండా, చేతులూపుకుంటూ తలుపు తీసుకుని బయటికి వెళుతుంది. తలుపు సగం తెరిచే ఉంది. సరిగ్గా అప్పుడు నా ఒళ్ళో ఫోను వణికింది. అత్తయ్య. "అబ్బాయి తొందరగా వచ్చేశాడు, ఆకలంటున్నాడు. ఎక్కడున్నావు?" చీకట్లో జనం మోకాళ్ళు తగులుతుంటే వంగి వంగి బయటికి నడిచాను. ఇంటికెళ్ళి చూస్తే పొద్దున్న వండినవి పొయ్యి మీద అలాగే ఉన్నాయి, మూతలు కూడా తీయలేదు.

ఆ సాయంత్రం ఆయనకి స్పష్టంగా చెప్పాను. ముగింపు చూడలేదు, మీ ఆకలి గురించి ఫోనొచ్చింది, నేనైతే ఇలా ముగించేదాన్ని అని చెప్పి, నాకు తోచింది చెప్పాను. ఆయన ఎవరితోనో చాటింగులో ఉండి ఊఁ ఊఁ అన్నారు. రికార్డింగ్ ఎలాగూ ఉంటుందని ఆయన ధైర్యం. ఆ తర్వాత దాంట్లోంచి చివరి ముక్క మాత్రమే విని ఉంటారు. ఆయన పద్ధతే అది, కూరలో ముక్కలు ఏరుకుని పులుసు వదిలేస్తారు.

ఈ సంగతి నాకిప్పుడు, తరిగిన ఉల్లిపాయలు బాణలిలో వేసి కలుపుతుండగా తట్టింది. ఎందుకంటే ముందు గదిలో ఫస్ట్‌షో గారు, "ఇంతకీ మీ నంబర్ వన్ ఏది?" అని అడిగారు, మా ఆయన తలుపు సినిమా పేరు చెప్పారు. పొయ్యి కట్టేసి, టీ కప్పులు ట్రేలో పెట్టుకుని గబగబా వెళ్ళాను. కెమెరాలో పడకుండా పక్కనుంచి వంగి, కప్పు అందిస్తూ, "ఒక్కసారి లోపలికి రండి" అన్నాను గుసగుసగా. ఆయన నా వైపు చూడకుండా చేత్తో ఈగని తోలినట్టు తోలారు. ఎడిటర్ గారు కప్పు అందుకుని, "టీ అమృతంలా ఉందమ్మా" అన్నారు, ఇంకా తాగనేలేదు. నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను.

"ఆ చివరి షాట్ ఒక్కటి చాలండీ" అన్నారు మా ఆయన, కళ్ళు సగం మూసి. "సినిమా అంతా ఇల్లు కదలని కెమెరా, ఆఖర్న మొదటిసారి గడప దాటుతుంది. ఆవిడ వెనకాలే వీధిలోకి నడుస్తుంది. అప్పటిదాకా మనం కూడా ఆవిడ కోసం ఎదురుచూసే ఇంటివాళ్ళమే. ఆ క్షణాన ఆవిడతో పాటు మనమూ బయటపడతాం."

నాకు, సిగ్గులేకుండా, ఒక్క రవ్వ ఆనందం కలిగింది. ఎంత బాగుంది ఆ ముగింపు.

"ఏ గడప?" అన్నారు ఫస్ట్‌షో గారు. "కెమెరా బయటికి రావడమేంటి బ్రదర్? ఆవిడ తిరిగొచ్చి తలుపేసుకుంటుంది. లైటు ఆరిపోతుంది. అంతేగా?"

వసూళ్ళాయన ఫోను చూసి, అడిగేవాళ్ళు అప్పుడే మొదలెట్టారని, ఏ ఊళ్ళో ఆడిన సినిమా అని వెక్కిరిస్తున్నారని చెప్పారు. ఎడిటర్ గారు కప్పు కింద పెట్టారు. మా ఆయన నవ్వి, ఒక్క నిమిషం, మీరు వసూళ్ళ సంగతి మొదలుపెట్టండని చెప్పి లేచి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీయడం మర్చిపోయారు.

నిలువునా ముంచావన్నారు. చివర చూడలేదని ఆరోజే చెప్పానన్నాను. ఎప్పుడు చెప్పావన్నారు. మీ ఫోన్లోనే ఉంది, మొదట్నుంచీ వినండన్నాను. ఇప్పుడు అదా ముఖ్యం అన్నారు. ముఖ్యమైనదేమిటో ఎప్పుడూ ఆయనకే తెలుస్తుంది. గొంతు తగ్గించి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఒక్క క్షణం నిజంగానే జాలేసింది.

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు చాలు. సరిగ్గా క్లైమాక్సులో నువ్వే ఫోన్ చేసి నన్ను బయటికి రప్పించావని. అమ్మకి ఒంట్లో బాలేదనో ఏదో ఒకటి. అందుకే నేను ఎవరో చెప్పింది విని పొరబడ్డానని. పెళ్ళాం ఫోనంటే నవ్వేసి ఊరుకుంటారు."

"నేను ఫోన్ చేసి మిమ్మల్ని రప్పించానా?"

"ఒక్క అబద్ధంతో నీ సొమ్మేం పోతుందే?"

నా సొమ్మేం పోతుందని నేనూ ఆలోచించాను. చెప్పేస్తే ఆయనకి పేజీ వస్తుంది. పేజీ వస్తే వారం వారం ఒక సినిమా, వారం వారం ఈ సింకు, ఈ స్టూలు. ఆ అబద్ధం ఇంకెవరో అడిగి ఉంటే ఆడేసేదాన్నేమో. నా సినిమా మధ్యలో లేపింది ఆయన ఆకలి. ఇప్పుడు ఆ లేపిన పాపం కూడా నా నెత్తినే వెయ్యాలట, ఆ సీట్లో కూర్చున్న భాగ్యం మాత్రం ఆయనకి కావాలట. ఆ చీకట్లో మోకాళ్ళు తగులుతూ వంగి నడిచింది నేను. అదొక్కటే ఆ సినిమాలో నాకు మిగిలింది, దాన్ని కూడా అడుగుతున్నారు. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకున్నాను. ఆయన హమ్మయ్య అనుకుని ముందు నడిచి, ఫోన్ చేసింది నేనేనని వాళ్ళతో చెప్పేశారు.

సోఫా చివర కూర్చోమని ఫస్ట్‌షో గారు చోటిచ్చి, "రండి వదినా, అసలు దోషి మీరేనట" అన్నారు. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. కెమెరా మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"నేను ఆయన్ని ఫోన్ చేసి పిలవలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆయన ఆ సినిమాకి వెళ్ళలేదు, వెళ్ళింది నేను. ఆయన ఆకలితో ఇంటికొచ్చారని ఫోనొస్తే చివరి పావుగంట వదిలేసి వచ్చేశాను. మీరు విన్న ముగింపు ఆ డైరెక్టరుది కాదండీ, నాది. మీ నియమం ప్రకారం దాని మీద నాకు ఓటు లేదు. ఆయనకీ లేదు."

ఎడిటర్ గారు మా ఆయన వైపు తిరిగి నెమ్మదిగా, "మరి ఇందాక మీరు చెప్పిన ఆ తండ్రి సినిమా? అందులో మీకు నచ్చిన సీను ఏదండీ?" అని అడిగారు. మా ఆయన నోరు తెరిచారు. తెరిచి, అలవాటు కొద్దీ, జవాబు కోసం నా వైపు చూశారు. ఆ చూపు గదిలో అందరూ చూశారు, ఫోన్లలో ఉన్నవాళ్ళూ చూసే ఉంటారు. నేను చెప్పలేదు. ఫస్ట్‌షో గారు లేచి కెమెరా ఆపేశారు.

చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య తన గదిలోంచి వచ్చారు. ఎక్కడికని అడగలేదు. "అంతమంది ఉన్నారు, వడ్డించేదెవరే?" అన్నారు. పొయ్యి మీద కూర తప్ప వంటంతా అయింది, కంచాలు అలమరలో ఉన్నాయని చెప్పాను. వెనకనుంచి మా ఆయన, "ఇప్పుడు వెళితే బాగుండదు" అన్నారు. ఎవరికి బాగుండదో చెప్పలేదు. తలుపు సగం తెరిచే ఉంచి మెట్లు దిగాను.

తలుపు సినిమా ఇంకా ఒకే ఒక్క హాల్లో, మధ్యాహ్నం ఆట మాత్రం ఆడుతోంది. మొదట్నుంచీ చూశాను. నేను లేచిపోయిన చోటు వచ్చేసరికి ఫోను మళ్ళీ ఒళ్ళో వణికింది. పేరు చూడకుండానే ఆపేశాను. తెర మీద ఆవిడ తిరిగొచ్చింది. తలుపేసుకుంది. లైటు ఆరిపోయింది. చీకట్లో కుళాయి చుక్కలు. చివర పేర్లన్నీ పైకి వెళ్ళిపోయి, ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని వచ్చేదాకా సీట్లోంచి కదలలేదు.

బయట మెట్ల మీద కూర్చుని ఫోను తీశాను. ఇంటినుంచి వచ్చిన కాల్స్ వరసగా ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి, నా ఫోన్లో నేనెప్పుడూ వాడని రికార్డింగ్ వెతికి నొక్కాను. చేతిలో గిన్నె లేకుండా మాట్లాడటం కాసేపు చేతకాలేదు.

"ఈ సినిమా నేను చూశాను" అన్నాను. "చివరిదాకా చూశాను. ముగింపు నాకు నచ్చలేదు. నాదే బాగుంది."