పదకొండు వందల నలభై ఆరో పేరు

ఇన్నమ్మ ఫినాయిల్ బకెట్టును గడప దాటించి, నడుము మీద చెయ్యేసుకుని కాసేపు నిలబడింది. వరండా ఇంకా సగమే తుడిచింది. మామూలుగా ఈ వేళకు మందుల గది కూడా అయిపోయేది. దమ్మపేటలో సిస్టర్లు నడిపే ఆ దవాఖానాలో ఇరవై రెండేళ్లుగా గచ్చు తుడిచీ తుడిచీ ఆమె మోకాళ్లకు నల్లటి కాయలు కాశాయి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పాలిపోయి, నడి వేసవిలోనూ నానినట్టే ఉంటుంది. ఐదో తరగతి చదువు గోడ మీది క్యాలెండరులో బైబిలు వాక్యం కూడబలుక్కోవడానికి పనికొస్తోంది. ఈరోజు ఆ వాక్యం కూడా చదవలేదు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఇంటికొచ్చిన కొడుకు జయరాజ్, అన్నం తింటూ ఒక మాట చెప్పాడు. వాడు సత్తుపల్లిలో ఇంటర్నెట్ సెంటరులో వెబ్ పేజీలు చేస్తాడు. ఏ ప్రోగ్రాముతో చేస్తాడో దాన్ని తయారుచేసే కంపెనీ ఇక ఆపేసేటట్టు ఉందట. ఆపొద్దని, దాన్ని వాడుకునేవాళ్లంతా దేశదేశాల నుంచి పేర్లు రాసి పంపుతున్నారట. తానూ రాశానని చెప్పి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆమె మాత్రం కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది.

పేరు కాగితమెక్కిందంటే దానికి కాళ్లొస్తాయి, ఎవరి గుమ్మం ముందుకో నడిచిపోతుంది. ఇది ఆమెకు తెలిసిన సంగతి. పదహారేళ్ల కిందట ఊరికి బోరింగు కావాలని రాసిన కాగితం మీద ఆమె భర్త అంతోనయ్య వేలిముద్ర వేశాడు. కాగితం రాసిన మనిషి తర్వాత అడవిలోకి పోయాడు. ఇంకేముంది, కాగితం మీదున్న వాళ్లందరినీ ఒక్కొక్కరిగా ఠాణాకు పిలిచారు. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చిన అంతోనయ్య అక్కడేం జరిగిందో చెప్పలేదు. జీపు చప్పుడైతే మాత్రం లేచి పెరట్లోకి వెళ్లి నిలబడేవాడు. రెండేళ్లకు పోయాడు. బోరింగు పడలేదు. అప్పటినుంచి ఇన్నమ్మ దవాఖానా హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా పేరు పెట్టి ఎరగదు.

తోటి ఆయా మంగ్లి దుప్పట్లు జాడిస్తూ సంగతంతా విని నవ్వింది. "నీ కొడుక్కు చీమ కుట్టినా నీకు పాము కరిసినట్టేనాయె అక్కా."

ఇన్నమ్మ సిస్టరును పూట సెలవడిగి, మిట్టమధ్యాహ్నం సత్తుపల్లి బస్సెక్కింది.

దారి పొడవునా పామాయిల్ తోటలు. మట్టలు ఒకదాంట్లో ఒకటి జొరబడి, పట్టపగలే లోపలంతా చీకటి. ప్రతి తోటలోనూ ఆ చీకట్లో ఎవరో నిలబడి బస్సును చూస్తున్నట్టే ఉంది ఆమెకు. వెనకాల ఒక జీపు, దారి అడగకుండా, హారన్ కొట్టకుండా చాలాసేపు వచ్చింది. ఎడమ భుజం లాగుతోంది. బకెట్లు మోసిన నొప్పేలే అనుకుని కొంగుతో అదుముకుంది. సత్తుపల్లి దగ్గర పడుతుండగా బొగ్గు గుంతల్లో బ్లాస్టింగు పేలి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. బస్సులో ఎవరూ మాట ఆపలేదు. ఆమె ఒక్కతే సిలువ గుర్తు వేసుకుంది.

సెంటరులో జయరాజ్ ఏదో నర్సరీ వాళ్ల పేజీ చేస్తున్నాడు. సన్నటి మెడ, తండ్రిలాగే ముందుకు వంగిన భుజాలు. ఇంటరు తప్పి, కొత్తగూడెం వైపు బొగ్గు పనికి పోబోతున్నప్పుడు ఎవరో వదిలేసిన సీడీలో వాడికి ఈ ప్రోగ్రాము దొరికింది. కోడు రాయనక్కర్లేదు. బొమ్మ ఇక్కడ, అక్షరం అక్కడ అని ఇంట్లో సామాను సర్దినట్టు సర్దుకోవడమే. ఐదేళ్లుగా వాడు ఇంకొకటి ముట్టలేదు. సెంటరు యజమాని జయప్రకాశ్ కొత్తది నేర్చుకొమ్మని ఎన్నిసార్లు పోరినా వాడు, అన్నం పెట్టినదాన్ని ముసలిదైందని వదిలేస్తామా అనేవాడు.

"నీ పేరు తీసెయ్ బిడ్డా," అంది ఇన్నమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

"అమ్మా, గది కంపెనీ. ఠాణా కాదు."

"మీ నాయిన గూడ గది బోరింగు కాగితమే అన్నడు."

జయరాజ్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. తండ్రి మాట ఆమె నోట విని చాలా ఏళ్లయింది. ఈ చుట్టుపక్కల ఆ ప్రోగ్రామును వాడేది తానొక్కడేననీ, తన పేరు తీస్తే ఇక్కడినుంచి ఆపొద్దన్నవాళ్లు ఒక్కరూ లేనట్టేననీ మెల్లగా చెప్పాడు. ఆమె తెర మీదికి వంగింది.

"అయితే ఆ జాగల నా పేరు పెట్టు. నేనెట్లయినా పొయ్యేదాన్నే."

జయప్రకాశ్ పక్కనుంచి అందుకున్నాడు. "ఇన్నమ్మక్కా, నీకు మౌస్ పట్టనొస్తదా?"

"ఇరవై రెండేండ్లు చీపురు పట్టిన. గదెంత?"

జయప్రకాశ్ పకపకా నవ్వాడు. జయరాజ్ పేర్ల జాబితాలో తన వరస తెరిచి, పేరు చెరిపి, ఇన్నమ్మ, దమ్మపేట అని కొట్టాడు. ఎన్నేళ్లుగా వాడుతున్నారు అన్నచోట ఐదు అలాగే ఉంచాడు. ఎందుకు ఆపొద్దంటున్నారు అన్నచోట, రెండు గంటలు కూర్చుని కూర్చుకున్న తన నాలుగు వాక్యాలూ చెరిపేశాడు. ఏం రాయమంటావని తల్లినే అడిగాడు.

"నా కొడుకును బొగ్గు గుంతలకు పోకుండ ఆపిందని రాయి."

ఆ మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. పదకొండు వందల నలభై ఆరో పేరు. ఆమెకు నమ్మకం కుదరక కాగితం మీద చూపించమంది. ప్రింటు తీసి, వేలు పెట్టి చదివి వినిపించాడు. ఎక్కడైనా జయరాజ్ అన్న మాట మిగిలిందేమోనని రెండుసార్లు వెతికించింది. మిగల్లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో ఉంచుకుంది. పొద్దు తోటల మీదికి వాలుతోంది. వెనక ఏ బండీ రావడం లేదు. భయపడదామన్నా ఏమీ తోచకపోవడం ఆమెకు కొత్తగా, కొంచెం వింతగా ఉంది. తల కిటికీ కడ్డీకి ఆనించింది.

దమ్మపేటలో కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంజను ఆపమని డ్రైవరుకు చెప్పాడు.

దవాఖానాలో మంగ్లి ఒక్కో వేలూ సడలించి చల్లబడిన ఆ పిడికిలి విప్పింది. కబురందుకుని జయరాజ్ వచ్చేసరికి చీకటి పడుతోంది. వాడు తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు గాని బల్ల వైపు చూడలేదు. బల్ల మీద కాగితం మడతలు పూర్తిగా విడలేదు. పైకి కనిపిస్తున్న ఒక్క వరసలో అంకె, ఆమె చదవలేని అక్షరాల్లో ఆమె పేరు, చెమటకు కొద్దిగా అలుక్కుపోయి.