కుంకుమ పెట్టని గన్

నేను ఒక గన్‌ని. కంగారు పడకండి, నా నోట్లోంచి గుండు రాదు, కరెంటు వస్తుంది. ఎలక్ట్రిక్ కారు మూతికి తగిలించి చార్జింగ్ పెట్టే పిడిని జనం ఎందుకో గన్ అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

నన్ను పలాస దగ్గర హైవే పక్కన ఒక చార్జింగ్ స్టేషన్‌లో వేలాడదీశారు. అప్పట్లో సర్కారు ఆఫీసుల్లో తిరిగిన కార్లన్నీ నాకు సరిపోయేవే. కొన్నాళ్లకు కంపెనీలు మాట మార్చాయి. అదే మెషిన్‌కు రెండో పక్కన కొత్తరకం గన్ వచ్చింది. నాది గుండ్రటి ముఖం. దానికి ముఖం కింద గడ్డంలా మరో రెండు పెద్ద రంధ్రాలు. నేను పూటంతా చేసే పనిని అది టీ తాగేలోపు ముగిస్తుంది. కొత్త కార్లన్నీ దాని వెంటే పడ్డాయి.

అది తరచూ చెడిపోయేది, నేను చెడలేదు. నా కొక్కెం నాలోనే ఉంది. కొత్త గన్‌ను పట్టి ఉంచే తాళం మాత్రం కారులో ఉంటుంది కాబట్టి, ఏ కారు మొరాయించినా తిట్లు దానికే. కానీ న్యాయం మాట్లాడాలి. రోజంతా చాకిరీ చేసేది అది. జనం నేలకేసి కొట్టేది దాన్ని, టైర్లు ఎక్కించేది దాని మీద. ముట్టుకునేవాళ్లు లేకపోతే ఎవరైనా చెక్కుచెదరకుండానే ఉంటారు.

నన్ను ముట్టుకునేవాడు ఒక్కడే మిగిలాడు, దాలినాయుడు. ఆఫీసువాళ్లు వేలంలో వదిలించుకున్న పాత కారు కొని టాక్సీ తిప్పేవాడు. భార్య బృందావతికి కిడ్నీలు పాడయ్యాయి. ఆమెను పలాస ఆస్పత్రిలో డయాలసిస్‌కు దింపి నా దగ్గరకు వచ్చేవాడు. ఆ ముసలి కారు పలాస దాకా ఎలాగో వస్తుంది. నేను కరెంటు పట్టకపోతే తిరిగి ఊరు చేరదు. "నువ్వున్నన్నాళ్లు మాకేటీ అవదే తల్లీ" అంటూ తువ్వాలుతో నా మూతి తుడిచేవాడు. ఆ మాటకు నాకు కాస్త పొగరు కూడా వచ్చేది.

దసరా వచ్చింది. స్టేషన్ చూసుకునే సింహాద్రిరావు మహా భక్తుడు. ఆయుధపూజ నాడు కొత్త గన్‌కు చామంతి దండ వేసి, గంధం, కుంకుమ తడిపి మూతి నిండా ముద్దగా అద్దాడు. నా ముందు ఒక్క క్షణం ఆగి, "పాతదానికెందుకులే" అని వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త గన్ పనిచేయలేదు. కరెంటు పారేముందు కారూ గన్నూ ఒక సన్న రంధ్రం ద్వారా మాట్లాడుకోవాలి. ఆ రంధ్రంలో కుంకుమ ఎండి గట్టిపడింది. పక్కనే ఉన్న నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. కంపెనీ ఇంజనీరు వచ్చి, లాప్‌టాప్ తగిలించి, చాలాసేపు తల గోక్కుని తేల్చాడు.

"ఒకే మెషిన్‌కు రెండు రకాల గన్‌లు పడవండీ. పాతది తీసేయండి."

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఒకడు. కేబుల్ కోసి నన్ను గోడ పక్కన పడేశారు. కోత దుమ్ము పోవాలని సింహాద్రిరావు కొత్త గన్ మూతిని శుభ్రంగా తుడిచి, గాలి కొట్టాడు. అది పనిచేసింది.

"సూసినారా, దరిద్రం వొదిలిపోనాది!" అని మురిసిపోయాడు.

తర్వాత దాలినాయుడు వచ్చాడు. నేను వేలాడిన చోటు ఖాళీగా ఉండడం చూసి నిలబడిపోయాడు. "మరి నా బండి గతేటి బాబూ? మాయావిడ ఆస్పత్రిలో ఉంది, ఇంటికెలా తీసుకెల్లేది?"

"కొత్త బండి కొనుక్కో నాయుడూ" అన్నాడు సింహాద్రిరావు. నాయుడు కొత్త గన్‌నే తన కారుకు పెట్టి నొక్కి చూశాడు. ఎంత నొక్కితే మాత్రం పడుతుందా?

నన్ను పాత ఇనుము కొట్టుకు అమ్మేశారు. ఎండాకాలంలో ఒక ట్రాక్టరు ఆ కారును ఈడ్చుకొచ్చింది. వెనకే దాలినాయుడు, నున్నటి గుండుతో.

"ఏటైంది నాయుడూ?" అన్నాడు కొట్టు యజమాని.

"బస్సులో తిప్పినానయ్యా. నిలబడలేకపోయేది. ఈపాలికొద్దు, రేపెల్దుమనేది. అలాగే రెండు మార్లు మానేసినాది. మూడో మారు ఎల్లే పని లేకపోనాది."

అప్పుడు కుప్పలో నన్ను చూశాడు. అలవాటు కొద్దీ తువ్వాలుతో తుడిచి కారుకు తగిలించాడు. కొక్కెం టక్కున పడింది. నా వెనక జానెడు కేబుల్, ఆపైన ఏమీ లేదు. అయినా నాయుడు బానెట్ మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

"అదీ తూకంలో ఎయ్యాల, ఇటియ్యి" అన్నాడు యజమాని.

నాయుడు లాగాడు. యజమాని కూడా వచ్చి లాగాడు. బతికినన్నాళ్లు మొరాయించని నేను ఆ ఒక్కసారి రాలేదు. విసుగొచ్చి కారునూ నన్నూ కలిపే తూచారు.